జెంటిల్, జెంటూ: బందరు రేవులో ఒక మాట

ఆంగ్లభాషలో మృదుత్వమును తెలుపు విశేషణములు పెక్కు కలవు. వానిలో మన బాలురు తొలి వాచకములలోనే నేర్చునది ‘జెంటిల్’ అను మాట. నిఘంటువు తెరచినచో దీనికి సౌమ్యుడు, సాధువు, నెమ్మదియైన, మృదువైన, మందమైన, కులీనుడు అని అర్థములు వరుసగా కనబడును. మొదటి అయిదును ఒక విధముగా నున్నవి. ఆరవది మాత్రము ఆ పంక్తిలో ఇమడదు. మెత్తదనమునకును కులమునకును సంబంధమేమి? ఉపాధ్యాయుని అడిగిన విద్యార్థికి తరచుగా వచ్చు సమాధానము, అది పాత అర్థము, విడిచిపెట్టుము అనియే. కాని ఆ పాత అర్థమును విడిచినచో ఆ మాట చరిత్ర యంతయు పోవును. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టము మన బందరు రేవున జరిగినది. మన తెలుగువారికి ఇంచుమించు రెండు వందల సంవత్సరములు ఈ మాటకు జ్ఞాతియైన మరియొక మాటయే పేరుగా నిలిచినది.

లాటిను భాషలో ‘జెన్స్’ అనగా వంశము, తెగ. రోమకులలో ఒకే మూలపురుషుని నుండి పుట్టితిమని చెప్పుకొను కుటుంబముల సమూహమునకు అది పేరు. మన ‘జన’ శబ్దము, ‘జాతి’ శబ్దము ఏ ధాతువు నుండి పుట్టినవో ఆ ధాతువునకే ఇదియు చెందినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. జెన్స్ నుండి ‘జెంటిలిస్’ అను విశేషణము వచ్చినది. వంశమునకు చెందినవాడని దాని యర్థము. ఇంతవరకు అది ఒకటే దారి. ఇక్కడి నుండి రెండుగా చీలినది.

ఒక దారి కోటలకు పోయినది. ఫ్రాన్సు దేశమున ‘జెంటిలిస్’ అనుమాట ‘మంచి వంశమువాడు’ అను అర్థమును పొంది, అక్కడి నుండి ఇంగ్లండునకు వెళ్లి ‘జెంటిల్’ అయినది. రెండవ దారి దేవాలయమునకు పోయినది. క్రైస్తవ గ్రంథములను లాటినులోనికి మార్చినవారు యూదులు కాని ఇతర జాతులను తెలుపుటకు ఆ జెన్స్ శబ్దపు బహువచనమునే వాడిరి. అందుచేత ‘జెంటిలిస్’ అనగా పరమతస్థుడు, విగ్రహారాధకుడు అను అర్థము స్థిరపడెను. దీని నుండియే ఆంగ్లమున ‘జెంటైల్’ అను మాట. తెలుగు బైబిలునందు దీనికి ‘అన్యజనులు’ అని వ్రాసిరి. ఆ అనువాదకులు ఉద్దేశించిరో లేదో గాని, ‘జన’ శబ్దమును చేర్చుటచే మూలధాతువునే తిరిగి పట్టుకొనిరి. మంచి అనువాదమునకు ఒక్కొక్కప్పుడు అదృష్టము కూడ తోడుపడును.

ఈ విధముగా ఒకే తల్లి బిడ్డలలో ఒకరు దొరయైరి, ఒకరు వెలియైరి. అటుపిమ్మట ఆంగ్లేయులు ఫ్రెంచి నుండి అదే మాటను మరల రెండుసార్లు ఎరువు తెచ్చుకొని, నాగరిక వేషమునకు ‘జెంటీల్’ అనియు, హుషారైన నడకకు ‘జాంటీ’ అనియు వాడుకొనిరి. ఆ రెండింటితో మనకు పనిలేదు. మనకు కావలసినది పోర్చుగీసుల నోటిలో పడిన రూపము.

పోర్చుగీసులు ‘జెంటిలిస్’ను ‘జెంతియు’ అనిరి. పశ్చిమ తీరమున అడుగిడిన నాటి నుండి వారు ఈ దేశప్రజలను రెండు తరగతులుగా చూచిరి. మహమ్మదీయులు మూరులు, తక్కినవారు జెంతియులు. రేవులన్నిటియందును వ్యాపారమునకు పోర్చుగీసు వాడుకభాషగా నుండుటచే, వారి వెనుక వచ్చిన జాతులన్నియు వారి మాటలను కూడ సరకులతోపాటు కొనుక్కొన్నవి. 1605లో డచ్చివారు మచిలీపట్టణమునకు వచ్చిరి. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ అను ఓడ వచ్చినది. ఫ్రెంచివారు 1669లో వచ్చిరి. ఆ కాలమున రేవు గోలకొండ సుల్తానులది. రేవు నేలు అధికారులలో మహమ్మదీయులు ప్రధానులు; బట్ట నేయువారు, అద్దకము చేయువారు, బేరము కుదుర్చువారు, లెక్క వ్రాయువారు ఎక్కువగా తెలుగు హిందువులు. పోర్చుగీసుల రెండు తరగతుల లెక్క ఇక్కడ అచ్చుపోసినట్లు సరిపోయినది. ఆంగ్లేయులు జెంతియును ‘జెంటూ’ అనిరి.

1618 మొదలు 1622 వరకు ఇచ్చట ఆంగ్ల వర్తకస్థానమున పనిచేసిన విలియం మెథ్వొల్డ్ గోలకొండ రాజ్యమును గూర్చి ఒక వృత్తాంతము వ్రాసెను. అది 1626లో లండనునందు అచ్చయినది. మన పల్లెలను, ఆచారములను, వజ్రపు గనులను చూచి వ్రాసినవాడు. ఆ వ్రాతలో మనవారు జెంటైలులే. ఆయన దృష్టిలో అది తిట్టు కాదు, పొగడ్తయు కాదు. సరకుమీద వేసిన ముద్ర వంటిది. కాని ముద్ర యెవరు వేసిరన్నది, దేనినిబట్టి వేసిరన్నది మరువరాదు. ఎదుటివాడు ఏమి మాట్లాడును, ఏ ఊరివాడు, ఏ పని చేయును అను ప్రశ్నలకు ఆ పేరున సమాధానము లేదు. తన మతమువాడు కాడు అను ఒక్క సంగతియే అందున్నది.

మనవారు మాత్రము ఊరకుండలేదు. వచ్చినవారికి తామును పేర్లు పెట్టిరి. పోర్చుగీసులను బుడతకీచులనిరి. హాలెండువారిని వలందాలనిరి. ఫ్రెంచివారిని పరాసులనిరి. నేటికిని బందరులో వలందపాలెము, పరాసుపేట, ఇంగిలీషుపాలెము అను పేటలు కలవు. ఆ పేర్లలో దేశము పేరే గాని మతము పేరు లేకపోవుట గమనింపదగినది. బందరు వర్తకునకు ఎదుటివాడు ఏ దేవుని కొలుచుననుటకంటె ఏ దేశపు ఓడలో వచ్చెననుట ముఖ్యమై యుండును.

క్రమముగా జెంటూ శబ్దపు అర్థము మారినది. చెన్నపట్టణమున ఆంగ్లేయులు స్థిరపడిన పిదప అక్కడి తమిళులకు ‘మలబారు’లని తప్పుపేరు పెట్టి, తెలుగువారికి ‘జెంటూ’ అను పేరు ప్రత్యేకించిరి. తమ వర్తకస్థానపు తొలి నాళ్లలో బందరున తాము చూచిన జెంటూలు తెలుగువారే కదా! అటుపైన మన భాషయు జెంటూ భాష యైనది. బెంగాలులో మాత్రము ఆ మాట హిందువులందరికిని చెల్లినది. 1776లో నథానియల్ హాల్‌హెడ్ హిందూ ధర్మశాస్త్ర సంగ్రహమును ఆంగ్లమున ప్రకటించి దానికి జెంటూ శాసనములని పేరిడెను. ఆ పీఠికలో ఆయన ఈ మాటను గూర్చి ఒక విచిత్రమైన అభిప్రాయము వెలిబుచ్చెను. అది సంస్కృతమున ప్రాణి యని, సంకుచితార్థమున మనుష్యుడని అర్థమిచ్చు శబ్దమట! మన ‘జంతు’ శబ్దమును చూచి ఆయన అట్లనుకొనెను. పోర్చుగీసుల మాటను సంస్కృతమునకు అంటగట్టుట పొరపాటు. అయినను వింత యేమనగా, జంతు శబ్దమునకును ‘జన్’ అనునదే ధాతువు. దారి తప్పినను చేరిన ఇల్లు బంధువులదే.

మన భాషకు మన పేరు తిరిగి వచ్చిన సంగతియు బందరుతో ముడివడియున్నది. మామిడి వెంకయ్య ఈ పట్టణమున వసించిన వైశ్య పండితుడు. ఆయన ‘ఆంధ్రదీపిక’ అను నిఘంటువును రచించి, దాని పీఠికలో ఆంధ్రభాష స్వరూపమును, అందలి తత్సమ తద్భవ దేశ్యాదుల విభాగమును వివరించెను. 1816లో చెన్నపట్టణమున ఏ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వెలువరించినపుడు వెంకయ్య గ్రంథమును ఆధారముగా గొనెను. ఆ వ్యాకరణమునకే ఉపోద్ఘాతముగా ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ వ్రాసిన వ్యాసమునందు, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేరొక కుటుంబమునకు చెందినదనియు నిరూపించుటకు వెంకయ్య పీఠికయే సాక్ష్యముగా నిలిచినది. క్యాంబెల్ గ్రంథపు శీర్షికను చూడుడు: ముందు తెలుగు అను పేరు, పిమ్మట సామాన్యముగా జెంటూ అనబడునది యని వివరణము. అసలు పేరు ముందునకు వచ్చి, పెట్టుడు పేరు వెనుకకు జరిగిన ఘడియ అది. 1822 మొదలు కొన్ని సంవత్సరములు బందరున ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌను 1852లో నిఘంటువును ముద్రించునాటికి ఆ వివరణముతో కూడ పనిలేకపోయినది. ఒక జాతి పేరు మారుటకు రాజశాసనము కావలెనని అనుకొందుము. ఇక్కడ ఒక వర్తక కులస్థుని నిఘంటువు పీఠిక చాలినది.

ఇక కోటకు పోయిన సోదరుని సంగతి. ‘జెంటిల్’ శబ్దము ఇంగ్లండునకు వచ్చినపుడు దానిలో మెత్తదనము లేశమును లేదు. జెంటిల్ అనగా పుట్టుకచే గొప్పవాడు, అంతే. గొప్ప వంశమువాడు కత్తి పట్టి ఊళ్లు తగులబెట్టినను జెంటిలే. తరువాత, మంచి పుట్టుకవాడు మంచిగా నడచుకొనవలె నను భావము కలిగినది. తరువాత, మంచిగా నడచుకొనుటయే ఆ మాటకు అర్థమైనది. పదునారవ శతాబ్ది నడుమ నుండి సౌమ్యత, కరుణ, నెమ్మదితనము దానిలో నిలిచినవి. పిదప పుట్టుకతో నిమిత్తము లేని గుఱ్ఱములకు, వాలు నేలలకు, వానచినుకులకు సైతము ఆ విశేషణము అంటినది. మన సంస్కృతమునందును ఈ పరిణామము లేకపోలేదు. అభిజాతుడు, కులీనుడు, ఆర్యుడు అను మాటలన్నియు పుట్టుకతో బయలుదేరి ప్రవర్తనకు చేరినవే. ‘అభిజాత’లోని ‘జాత’ శబ్దమును ‘జెంటిల్’లోని ‘జెన్’ శబ్దమును ఒకే ధాతువు సంతానము. గొప్ప ఇండ్లలో పుట్టినవారికే మంచితనము తెలియునని రెండు దేశములలోను గొప్ప ఇండ్లవారే చెప్పుకొనిరి, నిఘంటువులు దానిని నమ్మినవి.

తెలుగు దేశ్యపదములు మాత్రము ఈ మర్గమున పోలేదు. గుడివాడ ప్రాంతపు రైతు ఎద్దును కొనునపుడు పళ్లు చూచును, డెక్కలు చూచును, పిదప ‘సాధువేనా, పొడుచునా?’ అని అడుగును. సాధువు సంస్కృత పదమైనను రైతు నోట దానికి మఠములతో సంబంధము లేదు. పిల్లవాడు పగ్గము పట్టుకొనినను ఊరకుండునది సాధువు. దివిసీమలో వేటకు పోవు పల్లెకారు గాలి నెమ్మదించెనందురు. నేల మెత్తన, మాట మెత్తన, మనసు మెత్తన. ఈ మాటలలో తాతముత్తాతల ప్రసక్తి యేమియు లేదు. చేతికి తగిలినది, కంటికి కనబడినది మాత్రమే కలదు.

అయితే మెత్తదనమును మనవారు వట్టి సుగుణముగా ఎంచలేదనుట కూడ ఒప్పుకొనవలెను. మెత్తనకు తోబుట్టువు ‘మెతక’. మెతకవాడనిన చాలు, పెండ్లి సంబంధము వెనుకకు పోవును. మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధియగునని సామెత యున్నది. మొత్తువాని తప్పును, మొత్తబడువాని తప్పును రెంటిని ఒక్క వాక్యమున ఇమిడ్చిన సామెత యిది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు జెంటూ శబ్దమును విడిచి హిందూ శబ్దమును చేపట్టినపుడు దానికి ‘మైల్డ్’ అను మరియొక మృదువిశేషణమును జోడించిరి. ‘మైల్డ్ హిందూ’ అనుట వారి వార్తాపత్రికలలోను, యాత్రాగ్రంథములలోను ఊతపదమైనది. మైల్డ్ శబ్దమును మన ‘మృదు’ శబ్దమును దగ్గర చుట్టములనియే పండితులు చెప్పుదురు. కాని వారు దానిని వాడిన తీరు మృదువు కాదు. ఏలబడుటకు తగినవాడని దాని లోపలి యర్థము. 1857 పిదప ఆ మాటను ఎత్తిపొడుపుగా కూడ వాడిరి.

దానికి బందరు ఇచ్చిన సమాధానము వినదగినది. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుడు ఆంధ్రదేశమున సంచరించుచు ఈ పట్టణమునకు వచ్చి ఉపన్యసించెను. ఆయనను వెంటనంటి తిరిగిన ముట్నూరి కృష్ణారావుగారు 1902లో ఇక్కడ పుట్టిన ‘కృష్ణాపత్రిక’కు సంపాదకులై, 1945లో కన్నుమూయువరకు దానిని నడపిరి. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొన్నది. ఆ దినములలోనే కాంగ్రెసులోని రెండు పక్షములకు మన పత్రికలు మితవాదులు, అతివాదులు అని పేర్లు వ్యాపింపజేసినవి. మితవాది యను మాట నాకు చాల నచ్చినది. ఆంగ్లమూలములోను, తెలుగులోను అర్థము ఒక్కటే: కొలత దాటనివాడు. మెతకవాడని గాని, మంచి పుట్టుకవాడని గాని దానిలో లేదు. ఎదిరి పక్షమువారికి పెట్టిన పేరైనను న్యాయము తప్పలేదు.

ఈ కొలత యను భావమే మన భాషలో సౌమ్యతకు అసలు పునాది యని తోచుచున్నది. ‘జెంటిల్‌మన్’ అనుటకు మనము సాధారణముగా పెద్దమనిషి యందుము. అంతకంటె మంచి మాట మర్యాదస్థుడు. మర్యాద యనగా ఏమి? సంస్కృతమున దాని మొదటి యర్థము హద్దు, పొలిమేర, ఒడ్డు. సముద్రము తన మర్యాదను దాటదని మన పురాణములు చెప్పుటలో ఆ యర్థమే. దానికి తెలుగువారు పెట్టుకొనిన పేరు చెలియలికట్ట. కడలి యెంత పొంగినను దాటరాని గట్టు అది. బందరున చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి యొద్ద చదువుకొనిన విశ్వనాథ సత్యనారాయణగారు కట్టుబాట్లు దాటిన బ్రతుకులను గూర్చి వ్రాసిన నవలకు ఆ పేరే పెట్టుట మీలో పలువురెరుగుదురు. కావున మర్యాదస్థుడనగా ఎవరి కడుపున పుట్టినవాడను ప్రశ్న లేదు. బలముండియు గట్టు దాటనివాడు. మెతకకును మర్యాదకును భేదమిదియే: మెతకవానికి దాటుటకు శక్తి లేదు, మర్యాదస్థునకు కలదు, కాని దాటడు.

ఇది కవుల కల్పన యని తీసివేయుటకు ఈ సీమలో పుట్టినవారికి వీలులేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరు పట్టణము మీదికి వచ్చినది. సుమారు 30,000 మంది మరణించిరి. రేవుకు పూర్వపు వైభవము మరల రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చినది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పునీరు పల్లెలకు పల్లెలను తుడిచివైచినది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు సుమారు 10,000. ఆ తరమువారు ఆ దినమును గూర్చి చెప్పునపుడు పెద్ద మాటలు వాడరు. సముద్రము కట్ట దాటినదందురు. అంతకంటె ఘోరమైన మాట వారికి అక్కరలేదు.

గాలిని కొలుచుటకు ఆంగ్ల నావికాధికారి ఫ్రాన్సిస్ బోఫర్టు 1805లో ఒక అంచెల పట్టికను ఏర్పరచెను. అది దిద్దుబాట్లతో నేటికిని వాడుకలో నున్నది. సున్న యనగా నిశ్చలము, పండ్రెండనగా పెనుతుపాను. ఆ పట్టికలో మూడవ అంచెకు ‘జెంటిల్’ అను విశేషణమే పెట్టిరి: గంటకు 12 మొదలు 19 కిలోమీటర్ల గాలి, ఆకులను చిన్న రెమ్మలను ఎడతెగక కదలించి, పలుచని జెండాను విప్పునది. నాలుగవ అంచెది మితమైన గాలి. వంశమును తెలుపుటకు పుట్టిన శబ్దము ఇన్ని దేశములు తిరిగి తుదకు గంటకు ఇన్ని కిలోమీటర్లని కొలతకు లోబడినది. రోమక కులీనుడు దీనిని చూచిన ఏమనునో!

దీనిని తెనిగించుటలో మాత్రము జాగ్రత్త కావలెను. మనుష్యుడైనచో సౌమ్యుడు, పశువైనచో సాధువు, గాలియైనచో పిల్లగాలి, వాలైనచో ఏటవాలు కానిది, స్పర్శయైనచో సుతారము. పూర్వపు ఆంగ్లకథలలో రాజకుమారుని ముందు ఆ విశేషణము కనబడినచో సౌమ్యుడని వ్రాయుట తప్పు. అచ్చట కులీనుడనియే వ్రాయవలెను. ఏలనన, మరుసటి పుటలో ఆ రాజకుమారుడు ఎవరి తల నరుకునో చెప్పలేము. చెన్నపట్టణపు పాత దస్తావేజులలో జెంటూ యని కనబడినచో దానిని హిందువని వ్రాయక, సందర్భము చూచి తెలుగువాడని వ్రాయవలెను.